బాత్‌లో పబ్బులకు వెళ్లాలంటే: మొదటిసారి వెళ్లే తెలుగువాళ్ల కోసం

ఇంగ్లండ్‌లోని బాత్ ఊరు చూడటానికి వెళ్లే మనవాళ్లు చాలామంది పొద్దున్నే లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కుతారు. గంటన్నరలో దిగి రోమన్ల కాలపు స్నానశాల రోమన్ బాత్స్ చూస్తారు, అబ్బీ అనే పాత చర్చి ముందు ఫొటోలు దిగుతారు, నెలవంకలా కట్టిన ఇళ్ల వరస రాయల్ క్రెసెంట్ దాకా నడిచి సాయంత్రం ఆరుకల్లా తిరుగు రైల్లో ఉంటారు. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఊళ్లోవాళ్లు పని ముగించుకుని వచ్చి కూర్చునే చోట్లు మాత్రం చూడరు. ఆ చోట్లే పబ్బులు. ఇంకో మూడు గంటలు ఆగితే చాలు, అవీ చూడొచ్చు. మందు అలవాటు లేకపోయినా పర్వాలేదు.

పబ్బు అనగానే జూబ్లీహిల్స్‌లో డీజే మోత, గేటు దగ్గర బౌన్సర్, కవర్ ఛార్జి, జంటలకే ప్రవేశం గుర్తొస్తే దాన్ని పక్కన పెట్టండి. ఇక్కడి పాత పబ్బుల్లో కొన్నింట్లో పాట కూడా ఉండదు. చిన్న గది, చెక్క బల్లలు, చలికాలమైతే పొయ్యి, బల్ల కింద ఎవరిదో కుక్క. వచ్చినవాళ్లు మాట్లాడుకుంటారు, లేదా పేపర్ చదువుకుంటారు. ప్రవేశానికి డబ్బులు అడగరు.

రోజు, వేళ

శనివారం వద్దు. పెళ్లికి ముందు స్నేహితులతో చేసుకునే పార్టీలకు బాత్ పేరుమోసిన ఊరు. మెడలో రిబ్బన్లు, తల మీద కిరీటాలతో గుంపులు గుంపులుగా తిరుగుతుంటారు. దానికి తోడు రగ్బీ మ్యాచ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. బాత్ రగ్బీ జట్టు మైదానం ఊరి నడిమధ్యలో, నదికి అవతల ఒడ్డునే ఉంది. మ్యాచ్ అయిపోగానే వేలమంది నడిచి వచ్చేది ఈ పబ్బుల్లోకే. నవంబరు చివర్లో మొదలయ్యే క్రిస్మస్ మార్కెట్ రోజుల్లోనూ అంతే, ఇరవైమంది పట్టే గదిలో యాభైమంది నిలబడి ఉంటారు.

సోమవారం నుంచి గురువారం దాకా, సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య మొదలుపెడితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, బార్ వెనక ఉన్నవాళ్లకు మీతో మాట్లాడే తీరికా ఉంటుంది. చిన్న పబ్బులు కొన్ని మధ్యాహ్నం మూసేసి సాయంత్రం మళ్లీ తెరుస్తాయి. కాబట్టి బయల్దేరే ముందు ఆ రోజు వేళలు ఫోన్‌లో చూసుకోండి.

బ్రిస్టల్‌లో చదువుకునే మన పిల్లలకైతే ఇది రైల్లో పావుగంట దూరం. వాళ్లు వారం మధ్యలో ఏ సాయంత్రమైనా వచ్చిపోవచ్చు.

జేబులో ఉండాల్సినవి

ఇంగ్లండ్‌లో మద్యం కొనడానికి 18 నిండాలి. కానీ 25 లోపు వయసున్నట్టు కనిపించిన ప్రతివాళ్లనీ గుర్తింపు కార్డు అడగడం చాలా పబ్బుల పద్ధతి. మనవాళ్లు ముప్పై దాటినా కుర్రవాళ్లలా కనిపిస్తారు కాబట్టి అడుగుతారనే అనుకోండి. అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. మైనరుకు అమ్మితే అమ్మినవాళ్లకు శిక్ష పడుతుంది.

ఆధార్ ఇక్కడ పనికిరాదు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. యూనివర్సిటీ కార్డు చూపిస్తే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు. పాస్‌పోర్టు ఒక్కటే ఖాయం. అయితే సాయంత్రం తిరుగుళ్లకు పాస్‌పోర్టు జేబులో పెట్టుకోవడమంటే ఎవరికైనా టెన్షనే. ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్లు ప్రొవిజనల్ (అంటే లెర్నర్) డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవడం మేలు. కారు నేర్చుకునే ఉద్దేశం లేకపోయినా ఆ కార్డు వయసు రుజువుగా పనికొస్తుంది. ఇదివరకు విద్యార్థులు చూపించే నివాస కార్డుల స్థానంలో ఆన్‌లైన్ వీసాలు వచ్చేశాయి కాబట్టి దాని అవసరం ఇంకా పెరిగింది.

డబ్బు సంగతికొస్తే కార్డో ఫోనో ఉంటే సరిపోతుంది. కొన్నిచోట్ల నోట్లు తీసుకోరు కూడా.

ముందు నీళ్లు, తర్వాత బీరు

బాత్‌కు ఆ పేరు రావడానికి కారణం వేడినీటి ఊటలు. రోజూ దాదాపు 11.7 లక్షల లీటర్ల నీరు 46 డిగ్రీల వేడితో నేలలోంచి ఉబికి వస్తుంది. రోమన్ బాత్స్‌లో ఇప్పుడు స్నానం చేయనివ్వరు, చూడటమే. ఆ నీటిలో దిగాలంటే 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాకు వెళ్లొచ్చు. మేడ మీది కొలనులో మెడ దాకా మునిగి చుట్టూ గోపురాలు, కొండలు చూడొచ్చు.

స్పా, పబ్బు ఒకే రోజు పెట్టుకుంటే స్పా ముందుండాలి. తాగి వచ్చినవాళ్లను స్పాలోకి రానివ్వరు, అది న్యాయమే. వేడినీళ్లలో రెండు గంటలు ఉన్నాక ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. ఖాళీ కడుపుతో అక్కడి నుంచి నేరుగా పైంటు (అరలీటరుకు కాస్త పైన) బీరు పట్టిస్తే మామూలుకన్నా త్వరగా ఎక్కుతుంది. గంట ఆగండి, అరలీటరు మంచినీళ్లు తాగండి, ఏదైనా తినండి.

రోమన్ బాత్స్ చూడటం పూర్తయ్యే చోట ఊట నీటిని రుచి చూడనిస్తారు. నలభైకి పైగా ఖనిజాలున్న గోరువెచ్చని నీళ్లు. ఇనుప పాత్రలో మరిచిపోయిన నీళ్లలా ఉంటాయి. ఒక గుక్క చాలు. 18వ శతాబ్దంలో రోగాలు తగ్గుతాయని జనం గ్లాసులకు గ్లాసులు తాగేవారట. సాయంత్రాలు ఎక్కడికి చేరేవారో ఊహించడం కష్టం కాదు.

పైనుంచి కిందికి నడవండి

బాత్ గిన్నెలాంటి ఊరు. అడుగున స్టేషన్, నది, అబ్బీ. చుట్టూ ఎత్తు. అందుకే ఓపిక ఉన్నప్పుడే పైకెక్కి, ఒక్కో పబ్బు చూసుకుంటూ స్టేషన్ వైపు దిగడం తెలివైన పని. ఒక సాయంత్రానికి మూడు చాలు. ఆరేడు పబ్బులు టిక్కులు పెట్టుకుంటూ తిరిగితే మర్నాటికి ఏదీ గుర్తుండదు.

అన్నిటికన్నా పైన ఉండేది పారగన్ వీధి పక్కన, వైన్‌యార్డ్స్ అనే ఇళ్ల వరసలోని స్టార్ ఇన్. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక, చివర్లో ఎక్కుడు. ఒక్కటే పబ్బుకు టైముంటే ఇక్కడికే వెళ్లమంటాను. పాత పబ్బుల్లో చాలావాటిని మధ్య గోడలు కొట్టేసి ఒకటే హాలుగా మార్చేశారు. ఇక్కడ అలా జరగలేదు. చెక్క పలకలతో విడదీసిన చిన్న చిన్న గదులు, వాటిలో గోడ వెంబడి బెంచీలు ఎప్పటివి అప్పటిలాగే ఉన్నాయి. అందుకే సంప్రదాయ బీరును, పబ్బులను కాపాడటానికి 1971లో పుట్టిన కామ్రా సంఘం, లోపలి రూపం చెడకుండా నిలిచిన పబ్బుల జాతీయ జాబితాలో దీన్ని చేర్చింది. బాస్ అనే బీరును ఇక్కడ పీపాలోంచి నేరుగా జగ్గులోకి వంచి, జగ్గులోంచి గ్లాసులో పోస్తారు. ముక్కుపొడుం కూడా ఉచితంగా పెడతారు. మన తాతల కాలం నాటి అలవాటు బాత్ పబ్బులో ఎదురైతే నవ్వు రాకమానదు. పీల్చే ముందు గ్లాసు కింద పెట్టండి, తుమ్ములు ఆగవు.

చిన్న బార్ గదిలో ఒక పొట్టి బెంచీకి ‘డెత్ రో’ (మరణశిక్ష పడ్డ ఖైదీల వరస) అని పేరు. వయసు మళ్లిన పాత ఖాతాదారులు కూర్చునే చోటు కాబట్టి ఆ నల్ల హాస్యం. ఖాళీగా కనిపించినా ముందు అడిగి కూర్చోండి. అడిగితే కాదనరు. ఒక్కోసారి పక్కకు జరిగి చోటిచ్చి కబుర్లలోకి దించుతారు.

అక్కడి నుంచి కిందికి దిగితే వాల్కాట్ స్ట్రీట్, అందులో బెల్ ఇన్. ఇది పూర్తిగా వేరే రకం. 2013లో ఇది అమ్మకానికి వచ్చినప్పుడు పబ్బును ఇష్టపడే 536 మంది డబ్బులు పోగేసి కొనుక్కున్నారు. రాబర్ట్ ప్లాంట్, పీటర్ గేబ్రియల్ లాంటి సంగీతకారులు కూడా వాళ్లలో ఉన్నారు. సోమవారం, బుధవారం రాత్రులు, ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ ఉచితంగా పాటకచేరీలు పెట్టడం ఏళ్లుగా నడుస్తున్న ఆనవాయితీ. వెళ్లే వారం ఏముందో చూసుకోండి. స్టార్‌లో పెద్దగా మాట్లాడితే తలలు తిరుగుతాయి, ఇక్కడ ఎంత అరిచినా ఎవరికీ పట్టదు. వెనక పెరడుంది కాబట్టి ఎండాకాలం నలుగురైదుగురు కలిసి వెళ్లడానికి ఇదే బాగుంటుంది.

ఇంకా దిగి ఊరి మధ్యకొస్తే గ్రీన్ స్ట్రీట్‌లో ఓల్డ్ గ్రీన్ ట్రీ కనిపిస్తుంది. పేరు పెద్దది, పబ్బు చిన్నది. ఓక్ చెక్క తొడుగు వేసిన మూడు బుల్లి గదులు. ఇదీ కామ్రా జాబితాలోదే. ఆరుగురు కలిసి వెళ్తే అందరికీ చోటు దొరకడం కష్టం. ఇద్దరో ముగ్గురో అయితే, వర్షం పడే మధ్యాహ్నమైతే, ఇంతకన్నా హాయైన చోటు ఊళ్లో లేదని నా అభిప్రాయం. దానికి దగ్గర్లోనే నార్తంబర్లాండ్ ప్లేస్ అనే ఇరుకు సందులో కర్ డె లియాన్ ఉంది. బాత్‌లో అతిచిన్న పబ్బు మాదే అని చెప్పుకుంటుంది. వీధి వైపు రంగుటద్దాల కిటికీ అందంగా ఉంటుంది. లోపల చోటు లేకపోతే సందులో వేసిన బల్లల దగ్గర కూర్చోవచ్చు.

ఇవి కాక, అవసరాన్ని బట్టి ఇంకొన్ని. భోజనం ముఖ్యమైతే క్వీన్ స్ట్రీట్‌లోని రేవెన్, అక్కడి ‘పై’లకు (లోపల మాంసమో కూరో పెట్టి కాల్చిన పిండివంట) పేరు. నాటకానికి టికెట్ ఉంటే థియేటర్ రాయల్‌ను ఆనుకునే ఉన్న గారిక్స్ హెడ్. 18వ శతాబ్దంలో ఈ ఊరి విందు వినోదాలను శాసించిన బో నాష్ ఒకప్పుడు ఉన్న ఇల్లది. నది కనబడుతూ కూర్చోవాలంటే 1774లో పూర్తయిన పల్ట్నీ వంతెన పక్కనే బోటర్. అబ్బీ నుంచి ఎక్కువ దూరం నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే అబ్బీ గ్రీన్‌లో పెద్ద చెట్టు ఎదుట క్రిస్టల్ ప్యాలెస్.

లోపలికి వెళ్లాక

తలుపు తీసి వెళ్లాక ఎవరో వచ్చి చోటు చూపిస్తారని నిలబడొద్దు. మీరే చూసుకుని కూర్చోవాలి. కూర్చున్నాక బేరర్ కోసం ఎదురుచూడొద్దు, రాడు. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పావుగంట కూర్చుని, పట్టించుకోలేదని నొచ్చుకుని లేచిపోతుంటారు. తాగేవేవైనా సరే, బార్ దగ్గరికి మీరే వెళ్లి చెప్పాలి, అక్కడే డబ్బు కట్టాలి, గ్లాసులు మీరే బల్ల దగ్గరికి తెచ్చుకోవాలి. నలుగురుంటే నలుగురూ లేవక్కర్లేదు, ఒకరు వెళ్తే చాలు.

బార్ దగ్గర లైను కనబడదు. అందరూ అడ్డంగా, బల్లను ఆనుకుని నిలబడతారు. కానీ ఎవరు ముందొచ్చారో బార్ వెనక ఉన్న మనిషి లెక్క పెట్టుకుంటూనే ఉంటాడు. వచ్చినవాళ్లూ లెక్క పెట్టుకుంటారు. మిమ్మల్ని ముందు అడిగినా, మీకన్నా ముందొచ్చిన ఆయన్ని చూపించి “ఆయన ముందు” అనండి. ఆ ఒక్క మాటతో మీకు మర్యాద దక్కుతుంది. చిటికెలు వేయడం, “హలో బాస్” అని పిలవడం, కార్డు గాల్లో ఊపడం అసలు వద్దు. అలా చేస్తే కావాలనే చివరిదాకా ఆపుతారు.

మీ వంతు వచ్చేసరికి ఏం కావాలో సిద్ధంగా ఉండాలి. అందరివీ కలిపి ఒకేసారి చెప్పండి. గిన్నెస్ అనే నల్ల బీరు ఉంటే ముందే చెప్పండి, అది పోసి నురగ కుదుటపడటానికి టైము పడుతుంది. భోజనం కూడా చాలాచోట్ల బార్ దగ్గరే చెప్పాలి, బల్ల నంబరు అడుగుతారు. అందుకే లేచేముందు బల్ల మీద నంబరు చూసుకోండి.

టిప్పు సంగతి: బార్ దగ్గర ఇవ్వక్కర్లేదు. చాలాసేపు కూర్చుని, బాగా చూసుకున్నారనిపిస్తే “మీరూ ఒకటి తీసుకోండి” అనడం ఇక్కడి పద్ధతి. ఆ ఒక్కదాని ధర మీ బిల్లులో కలుపుకుంటారు. బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించే భోజనశాల భాగంలో మాత్రం బిల్లులోనే సర్వీస్ ఛార్జి వేసి ఉండొచ్చు, చూసుకుని కట్టండి.

ఏం అడగాలి

బీరు కొలత పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. మన 650 సీసా కన్నా కొంచెం తక్కువ. సగం పైంటు అడగడం నామోషీ ఏమీ కాదు. మూడు పబ్బులు తిరగాలనుకుంటే నిజానికి అదే తెలివి. వైన్ 125, 175, 250 మిల్లీలీటర్ల కొలతల్లో ఇస్తారు. “పెద్దది” అంటే 250, సీసాలో మూడో వంతు. విస్కీ, జిన్ లాంటివి 25 లేదా 35 మిల్లీలీటర్లు. అరవై పోసే లార్జ్ పెగ్గుకు అలవాటుపడ్డవాళ్లకు ఇది గ్లాసు అడుగు తడిసినట్టు కనిపిస్తుంది. కొలతలు చట్టం ప్రకారం ఖాయం, బతిమాలి లాభం లేదు.

బార్ మీద పొడవాటి పిడులు కనిపిస్తాయి. వాటిని లాగితే వచ్చేది కాస్క్ ఏల్. పీపాలోనే చివరి పులియబెట్టు పూర్తయ్యే బీరు, గ్యాస్ కొట్టరు. 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో ఇస్తారు. ఐసులా చల్లగా తాగే మనకు “వెచ్చగా ఉందేంటి” అనిపిస్తుంది. అది లోపం కాదు, ఆ బీరు రుచి తెలిసేది ఆ చల్లదనంలోనే. ఇక్కడి పబ్బుల్లో తరచూ కనిపించేవి బెల్‌రింగర్, జెమ్, బట్‌కూంబ్. మూడూ 4 శాతం అటూఇటూ ఉండే గోధుమరంగు బీర్లు. పిడి ముందున్న పలక మీద పేరు, శాతం రాసి ఉంటాయి. పలక వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందని. ఏది నచ్చుతుందో తెలియకపోతే కొంచెం రుచి చూపించమని అడగండి, చిన్న గ్లాసులో పోసిస్తారు. రెండింటి దాకా అడగొచ్చు. జనం కిక్కిరిసి ఉన్నప్పుడు మాత్రం అడగొద్దు.

చల్లగానే కావాలంటే లాగర్, అంటే మన దగ్గర మామూలుగా తాగే రకం బీరు అడగండి, అన్నిచోట్లా దొరుకుతుంది.

బాత్ ఉన్నది సోమర్సెట్‌లో. ఆపిల్ తోటల నేల కాబట్టి ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్ ఇక్కడి సొంత సరుకు. తియ్యగా, జ్యూసులా దిగుతుంది. అందుకే దాంతో జాగ్రత్త. కొన్ని 4.5 శాతం ఉంటే, పీపాలోంచి ఇచ్చే మసకరంగు సైడర్లు 6, 7 శాతం దాకా ఉంటాయి. వాటిని సగాల్లోనే అడగండి.

శాకాహారులకు ఒక మాట. కాస్క్ ఏల్ తేటపడటానికి చేప పొట్టలోని గాలితిత్తితో చేసిన పదార్థం వాడే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. అది పీపా అడుక్కు దిగిపోతుంది, గ్లాసులోకి రాదంటారు. కానీ పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతే. “ఇది వీగన్ బీరేనా” అని, అంటే జంతు పదార్థమేదీ వాడనిదేనా అని అడగండి. ఇప్పుడు అలాంటివి చాలానే ఉన్నాయి, పలక మీదే రాసి ఉంటుంది.

అసలు తాగనివాళ్లు “లైమ్ అండ్ సోడా” అనండి చాలు. అన్నిటికన్నా చవక, చూడ్డానికీ బాగుంటుంది. 0.5 శాతం లోపు ఉండే ఆల్కహాల్ లేని బీర్లు కూడా చాలా పబ్బుల్లో ఉంటాయి. ఎందుకు తాగవని ఎవరూ నిలదీయరు. ఆ ప్రశ్నలు మన బ్యాచ్‌లోవే.

తిండి దగ్గర చూసుకోవాల్సినవి

మన బార్లలో కూర్చోగానే వేయించిన పల్లీలు, ఉల్లిపాయ, నిమ్మచెక్కతో మొదలై చికెన్ 65 దాకా వస్తుంది. ఇక్కడ నంజుకోవడానికి దొరికేది చిప్స్ ప్యాకెట్టు, ఉప్పు పల్లీలు. ప్యాకెట్టును నిలువునా చింపి పరిచి బల్ల మధ్యలో పెట్టడం ఇక్కడివాళ్ల అలవాటు. అలా పెడితే అందరూ తీసుకోవచ్చని అర్థం. పోర్క్ స్క్రాచింగ్స్ అంటే వేయించిన పంది తోలు. చూడ్డానికి మన వడియాల్లా ఉంటాయి, తెలియక నోట్లో వేసుకునేవాళ్లున్నారు.

గొడ్డుమాంసం తిననివాళ్లు మెనూ జాగ్రత్తగా చదవాలి. స్టేక్ అండ్ ఏల్ పై అంటే బీఫే. సూయెట్ అని ఉంటే సాధారణంగా ఆవు కొవ్వు. చికెన్ పై అడిగినా మీద పోసే గ్రేవీ బీఫ్‌దై ఉండొచ్చు. ఆదివారం పెట్టే రోస్టు భోజనంలో కోడి తీసుకున్నా పక్కన పెట్టే బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగు బీఫ్ కొవ్వులో వేయించి ఉండే అవకాశం ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు. ఏ పదార్థంలో ఏముందో చెప్పడం వాళ్లకు రోజూ ఉండే పనే. శాకాహారానికి వి, వీగన్‌కు విజి అని మెనూలో గుర్తులుంటాయి. బంగాళాదుంప చిప్స్ (ప్యాకెట్టువి కాదు, మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) మాత్రం చేపలు వేయించిన నూనెలోనే వేస్తారేమో కనుక్కోండి.

వంటగది ఎప్పుడూ తెరిచి ఉండదు. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, రాత్రి తొమ్మిదికి మూసేసేవి చాలా. పైన చెప్పిన బుల్లి పబ్బుల్లో భోజనం దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. పదింటికి ఏదైనా తిందాంలే అనుకుంటే పస్తే. మొదటి పబ్బుకు ముందో, రెండోదాంట్లోనో భోంచేసేయండి.

రౌండ్లు, కబుర్లు

ఇంగ్లీషు సహోద్యోగులతో వెళ్తే రౌండ్ల పద్ధతి ఉంటుంది. ఒక్కోసారి ఒక్కొక్కరు అందరికీ కొనాలి. నలుగురున్నారంటే నాలుగు రౌండ్లు అవుతాయని ముందే లెక్కేసుకోండి. అంత తాగలేకపోతే మొదట్లోనే “నేను నాది కొనుక్కుంటాను” అని చెప్పేయొచ్చు. మొదటి రెండు రౌండ్లు తాగి, మీ వంతు వచ్చేముందు కోటు తొడుక్కుంటే మాత్రం ఆ పేరు ఏళ్ల తరబడి ఉంటుంది. మన దగ్గర బిల్లు కోసం “నేనిస్తా, నేనిస్తా” అని చేసే కుస్తీ ఇక్కడ నడవదు. ఎవరి వంతు వాళ్లదే.

ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట కలపాలంటే బల్లల దగ్గర కాదు, బార్‌ను ఆనుకుని నిలబడాలి. అక్కడ నిలబడ్డవాళ్లు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నట్టే. వాన గురించో, చేతిలో ఉన్న బీరు గురించో, పక్కన పడుకున్న కుక్క గురించో మొదలుపెట్టండి. కుక్క అన్నిటికన్నా నమ్మకమైన దారి. జీతం, ఇంటి అద్దె, పెళ్లయిందా, పిల్లలెంతమంది లాంటివి మాత్రం మొదటి గంటలో వద్దు.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? భోజనం పెట్టే పబ్బుల్లో పెద్దవాళ్లతో ఉంటే సాయంత్రం దాకా చాలాచోట్ల రానిస్తారు. బుల్లి పబ్బుల్లో ఎవరి రూలు వాళ్లది, లోపలికి వెళ్లేముందు అడగండి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఈ పగటి, సాయంత్రపు పబ్బులు ఇబ్బందేమీ కాదు. పుస్తకం పట్టుకుని ఒక్కతే కూర్చున్న ఆవిడ ఇక్కడ మామూలు దృశ్యం. ఎవరైనా విసిగిస్తుంటే బార్ దగ్గరికి వెళ్లి “ఏంజెలా ఉందా” అని అడగండి. 2016లో లింకన్‌షైర్‌లో మొదలై దేశమంతా పాకిన సంకేతం అది. విషయం అర్థం చేసుకుని మిమ్మల్ని పక్కకు తీసుకెళ్తారు, కావాలంటే ట్యాక్సీ పిలుస్తారు.

కాక్‌టెయిల్ బార్లు

కాక్‌టెయిల్ బార్లు జార్జ్ స్ట్రీట్ చుట్టుపక్కల, కింగ్స్‌మీడ్ స్క్వేర్ వైపు ఉన్నాయి. చాలావరకు నేలమాళిగల్లో. జార్జియన్ కాలంలో, అంటే 18వ శతాబ్దం ప్రాంతంలో వీధులను ఎత్తు చేసి, కింద కమాను గదులు కట్టి, బొగ్గూ సామానూ దాచుకునేవారు. ఇప్పుడు వాటిలో కొన్నిట్లో జిన్నులు కలుపుతున్నారు. పబ్బుకున్న నియమాలు వీటికి వర్తించవు. బల్ల ముందే బుక్ చేసుకోవాలి, ఆర్డరు బల్ల దగ్గరే తీసుకుంటారు, ధర పైంటు కన్నా రెట్టింపు ఉంటుంది, సర్వీస్ ఛార్జి ఉంటుంది. గదులు చూడ్డానికి ఒకసారి వెళ్లొచ్చు.

ఎప్పుడు లేవాలి

రాత్రి పదకొండు దగ్గరపడుతుండగా గంట కొడతారు. ఆఖరి ఆర్డర్లు చెప్పమని. కాసేపటికి ఇంకోసారి మోగితే బార్ మూసేశారని. అప్పటికే చేతిలో ఉన్నది ముగించడానికి పదిహేను, ఇరవై నిమిషాలు ఇస్తారు. ఆ తర్వాత ఇంకొక్కటి అని అడగడం దండగ. బాగా తాగేసినవాళ్లకు అమ్మడం ఇక్కడ నేరం కాబట్టి, మీ బ్యాచ్‌లో ఎవరికైనా “ఇక చాలు” అని చెబితే వాదించొద్దు. వెళ్లేటప్పుడు ఖాళీ గ్లాసులు తెచ్చి బార్ మీద పెట్టి, ఒక థాంక్స్ చెప్పి వెళ్లండి.

ఎంతైతే చాలన్నదానికి ఇక్కడి ఆరోగ్య శాఖ లెక్క వారానికి 14 యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్). 4 శాతం బీరు పైంటు అంటే దాదాపు 2.3 యూనిట్లు. అంటే వారం మొత్తానికి ఆరు పైంట్లు, అదీ కనీసం మూడు రోజులకు పంచుకుని.

కారు తీసుకురావద్దు. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా చట్టం ఒప్పుకుంటుంది, ఇండియాలో అది 30. ఇక్కడి లెక్క ఎక్కువుంది కదా అని ఒక పైంటు తాగి స్టీరింగ్ పట్టేవాళ్లున్నారు. దొరికితే లైసెన్సు పోతుంది, క్రిమినల్ రికార్డు పడుతుంది, వీసా పొడిగింపు దరఖాస్తులో ఆ సంగతి రాయాల్సి వస్తుంది. రాత్రి తాగింది పొద్దున ఏడింటికి ఇంకా ఒంట్లో ఉండొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

స్టేషన్ అబ్బీ నుంచి పది నిమిషాల నడక, అంతా పల్లం. లండన్ వెళ్లే ఆఖరి రైలు బ్రిస్టల్ రైళ్లకన్నా ముందే అయిపోతుంది. ఆదివారాల్లో ఇంకా ముందే, కొన్ని వారాంతాల్లో పట్టాల పనుల వల్ల రైలుకు బదులు బస్సు వేస్తారు. టైము పొద్దున దిగినప్పుడే చూసుకుని, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆఖరిదానికి ముందు రైలును మీ రైలు అనుకోండి.